ఆ కుందేలు బొమ్మ వెనక ఏముంది? ఒక నెయిల్ పాలిష్ బ్రాండ్ గురించి ఆరా తీసిన నా అనుభవం

ఒక బ్రాండ్ పేరు చెప్పి, ఇది క్రూయెల్టీ ఫ్రీనా కాదా, అంటే జంతువుల మీద పరీక్షలు చేయకుండా తయారైందా లేదా అని ఎవరైనా అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోయే విషయమే కదా అనిపిస్తుంది. మా చెల్లి అడిగినప్పుడు నాకూ అలాగే అనిపించింది. తను వీగన్‌గా మారి చాలా కాలమైంది, జంతువుల నుంచి వచ్చేవేవీ వాడదు, తిండి, చెప్పులు, బ్యాగులు అన్నీ మార్చుకుంది, గోళ్ల రంగుల దగ్గరికొచ్చేసరికి మాత్రం "అక్కా, నువ్వు వాడే ఆ బ్రాండ్ నేనూ వాడొచ్చేమో కొంచెం చూసి చెప్పవా" అని పని నా మీద పెట్టింది. నా దగ్గర ఆ బ్రాండ్ సీసాలు డబ్బా నిండా ఉన్నాయి మరి, నాకూ ఆసక్తే. బ్రాండ్ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇది ఆ ఒక్క కంపెనీ సంగతి కాదు, ఏ బ్రాండ్ గురించి తెలుసుకోవాలన్నా దాదాపు ఇదే దారిలో వెళ్లాలి.

ముందు సీసానే తిప్పి చూశాను. వెనక చిన్న కుందేలు బొమ్మ, దాని కింద క్రూయెల్టీ ఫ్రీ అన్న మాట. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఆగిపోతారనే ఆ బొమ్మ వేస్తారు కూడా. కానీ కుందేలు బొమ్మ ఎవరైనా గీసుకోవచ్చు. అమెరికాలో ఈ మాటలకు చట్టంలో నిర్వచనమే లేదని మందులు, కాస్మెటిక్స్ వ్యవహారం చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏనే చెబుతోంది. కంపెనీ తన ఫ్యాక్టరీలో ఏ జంతువునూ ముట్టుకోకుండా, ముడిసరుకు అమ్మేవాళ్లో బయటి ల్యాబో చేసిన పరీక్షల మీద ఆధారపడుతూ కూడా ఆ ముక్క సీసా మీద వేసుకోవచ్చు. చట్టం దాన్ని తప్పు అనదు.

కాబట్టి ఆ కుందేలు ఎవరి కుందేలో చూడాలి. వీటిలో నేను ఎక్కువ నమ్మేది లీపింగ్ బన్నీని, గెంతుతున్న కుందేలు గుర్తు అది. అమెరికా, కెనడాల్లో దీన్ని 1996లో జంతు సంరక్షణ సంస్థలు కలిసి ఏర్పాటు చేసుకున్న కూటమి నడుపుతుంది, మిగతా దేశాల్లో క్రూయెల్టీ ఫ్రీ ఇంటర్నేషనల్ చూసుకుంటుంది. ఇందులో చేరే కంపెనీ ఒక తేదీ పెట్టుకోవాలి: ఆ తేదీ తర్వాత తామే కాదు, తమకు సరుకు అమ్మేవాళ్లు, వాళ్ల తరఫున పనిచేసే ల్యాబులు కూడా ఏ దశలోనూ జంతువుల మీద పరీక్ష చేయలేదని కాగితాలు తెప్పించుకోవాలి, ప్రతి ఏడాదీ మళ్లీ ఒప్పుకోవాలి, బయటివాళ్లు ఆడిట్‌కి వస్తే ఫైళ్లు చూపించాలి. జంతు హక్కుల సంస్థ పెటా వాళ్ల జాబితా ఇంత కఠినంగా ఉండదు. అక్కడ ప్రశ్నలకు జవాబులిచ్చి, కంపెనీ పెద్ద సంతకంతో హామీ పత్రం ఇస్తే సరిపోతుంది, ఇలా ఫైళ్లు తిరగేసే ఆడిట్ ఉండదు. అలాగని దాన్ని తీసిపారేయను, సంతకం పెట్టి అబద్ధమాడితే పరువు పోతుందన్న భయం కూడా కొంత పని చేస్తుంది. పైగా వీగన్ ఏది, కేవలం పరీక్షలు చేయనిది ఏది అని పెటా విడివిడిగా చెబుతుంది, చెల్లికి కావలసింది అదే.

నా సీసా మీది కుందేలు ఈ రెండింటిలో ఏదీ కాదు, కంపెనీ డిజైనర్ గీసిన కుందేలు. రెండు జాబితాల్లోనూ బ్రాండ్ పేరు వెతికాను, లేదు. లేనంత మాత్రాన దొంగ అని కాదు. గుర్తు సీసా మీద వేసుకోవాలంటే లైసెన్సు ఫీజు కట్టాలి, చిన్న కంపెనీలు కొన్ని జాబితాలో ఉండి కూడా బొమ్మ వేసుకోవు, కొన్ని అసలు దరఖాస్తే చేయవు. సరే, అడగడం తప్ప వేరే మార్గం లేదని అర్థమైంది.

అడిగే ముందు సీసాలో ఏముందో చూద్దామని పదార్థాల జాబితా ముందేసుకుని కూర్చున్నాను. అక్షరాలు ఎంత చిన్నవంటే ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదవాల్సి వచ్చింది. నెయిల్ పాలిష్‌లో ఎక్కువ భాగం ఎప్పటినుంచో ఉన్న రసాయనాలే: గోరు మీద పొరలా ఆరేది నైట్రోసెల్యులోజ్, దాన్ని ద్రవంగా ఉంచేవి ఎథైల్ ఎసిటేట్, బ్యూటైల్ ఎసిటేట్. వీటి మీద దశాబ్దాల సమాచారం ఉంది, ఇప్పుడు కొత్తగా ఏ కుందేలు కంట్లోనూ వేసి చూడాల్సిన పని లేదు. జంతువుల నుంచి వచ్చేవి ఎక్కువగా రంగులోనూ మెరుపులోనూ దాక్కుంటాయి. కార్మైన్, రంగుల అంతర్జాతీయ జాబితాలో దీని నంబరు సీఐ 75470, నాగజెముడు జాతి మొక్కల మీద బతికే చిన్న పురుగుల నుంచి తీస్తారు. గ్వానిన్, సీఐ 75170, ముత్యంలాంటి మెరుపు కోసం చేప పొలుసుల నుంచి తీసేది. కొన్నిట్లో పురుగుల నుంచి వచ్చే లక్క ఉంటుంది, గోళ్లను గట్టిపరుస్తాం అనేవాటిలో జంతువుల కొమ్ములు, గిట్టల్లాంటివాటి నుంచి తీసే కెరటిన్ ఉంటుంది. స్టియరాల్కోనియం హెక్టొరైట్ అని పేరు చదవడానికే కష్టమైన చిక్కదనం పదార్థం ఒకటి చాలా సీసాల్లో కనిపిస్తుంది, అందులోని కొవ్వు భాగం మొక్కల నుంచి రావచ్చు, జంతువుల నుంచీ రావచ్చు, జాబితా చదివితే తెలియదు, అడగాల్సిందే.

ఎర్ర రంగు కనిపించగానే పురుగులు అని కంగారు పడక్కర్లేదు. నెయిల్ పాలిష్ ఎరుపుల్లో ఎక్కువగా కనిపించేది సీఐ 15850 లాంటి ఫ్యాక్టరీ రంగే. అసలు చిక్కు ఇంకోచోట ఉంది. జాబితా చివర కూడిక, తీసివేత గుర్తులు వేసి, 'ఉండవచ్చు' అంటూ రంగులన్నీ వరుసగా ఇచ్చేస్తారు. ఆ సిరీస్‌లోని షేడ్లన్నిటికీ కలిపి ఒకటే జాబితా అన్నమాట. నా సీసా మీద కార్మైన్ పేరు ఉంది, కానీ నా చేతిలో ఉన్నది నీలం రంగు. ఏ షేడ్‌లో ఉందో, ఏ షేడ్‌లో లేదో సీసా చెప్పదు. "ఈ బ్రాండ్ వీగనా" అనే ప్రశ్నకి అర్థం లేదని, షేడ్ పేరు పెట్టి అడగాలని నాకు అక్కడే తెలిసింది. ఇంకోటి, క్రూయెల్టీ ఫ్రీ, వీగన్ రెండూ ఒకటి కాదు. లీపింగ్ బన్నీ గుర్తున్న సీసాలో కార్మైన్ ఉండొచ్చు. ఎందుకంటే ఆ గుర్తు పరీక్షల సంగతి మాత్రమే చూస్తుంది, పదార్థం ఎక్కడి నుంచి వచ్చిందో చూడదు. చెల్లికి ఇది చెబితే "అంటే కుందేలు బతికింది, పురుగు చచ్చింది అంతేగా" అంది.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి, ఎందుకంటే ఈ కుందేలు బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఈ గోలంతా ఎందుకో అర్థమవుతుంది. 1944లో జాన్ డ్రేజ్ అనే అమెరికా ప్రభుత్వ శాస్త్రవేత్త పేరు మీద వచ్చిన పరీక్షలో కుందేళ్ల కళ్లలో పదార్థం వేసి ఎంత పాడవుతాయో చూసేవారు. 1980లో హెన్రీ స్పిరా అనే ఉద్యమకారుడు దీని మీద రెవ్లాన్‌ని నిలదీస్తూ న్యూయార్క్ టైమ్స్‌లో పూర్తి పేజీ ప్రకటన వేయించాడు. ఆ రెవ్లాన్ 1932లో మొదలైంది గోళ్ల రంగుతోనే. ప్రకటన దెబ్బకి ఆ కంపెనీ ప్రత్యామ్నాయ పరీక్షల పరిశోధన కోసం రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీకి 7,50,000 డాలర్లు ఇచ్చింది. ఒక్క పేజీ ప్రకటన! ఇప్పుడు మనిషి చర్మ కణాలతో ల్యాబులో పెంచిన పొరల మీద చేసే పరీక్షలు ఉన్నాయంటే వెనక ఇలాంటి ఒత్తిడే ఉంది, కంపెనీలకు ఉన్నట్టుండి దయ పుట్టుకురాలేదు.

చట్టాల సంగతి చూస్తే, యూరప్ పూర్తిగా తయారైన సరుకు మీద పరీక్షల్ని 2004లో ఆపింది, 2009లో పదార్థాల మీద, 2013 నాటికి అలా పరీక్షించినవాటి అమ్మకాన్నే పూర్తిగా ఆపేసింది. భారత్ 2014లో పరీక్షలనూ, పరీక్షించిన కాస్మెటిక్స్ దిగుమతినీ నిషేధించింది. ఇది చదివి హమ్మయ్య అనుకునే లోపే యూరప్‌లోనే రీచ్ అని ఇంకో చట్టం ఉందని తెలిసింది, రసాయనాల చట్టం. ఫ్యాక్టరీలో ఆ రసాయనంతో పనిచేసే కార్మికుల భద్రత కోసం అంటూ, కాస్మెటిక్స్‌లో మాత్రమే వాడే పదార్థాలకూ జంతు పరీక్షలు అడగొచ్చని 2023లో అక్కడి కోర్టు సిమ్‌రైజ్ అనే కంపెనీ కేసులో తీర్పు ఇచ్చింది. అవి సన్‌స్క్రీన్ పదార్థాలు, నెయిల్ పాలిష్‌వి కావు, అయినా ఒక చట్టం వద్దన్నదాన్ని ఇంకో చట్టం అడగడం చూసి నాకు మతిపోయింది.

చైనా విషయంలో చాలామంది ఇంకా పాత మాటే చెబుతున్నారు, అక్కడ అమ్మితే జంతు పరీక్ష జరిగినట్టే అని. 2014 వరకు దాదాపు అంతే. ఆ ఏడాది అక్కడే తయారయ్యే సాధారణ కాస్మెటిక్స్‌కి సడలింపు వచ్చింది, 2021 మే 1 నుంచి దిగుమతి అయ్యేవాటికీ వచ్చింది, తయారీ ప్రమాణాల సర్టిఫికెట్, భద్రతా నివేదిక ఉంటే చాలు. హెయిర్ డై, సన్‌స్క్రీన్‌లాంటివి వేరే తరగతి, నెయిల్ పాలిష్ మాత్రం సాధారణ తరగతిలోదే. పిల్లల కోసం చేసినవైనా, కొత్త పదార్థం వాడినా ఈ సడలింపు వర్తించదు. అందుకే "చైనాలో అమ్ముతారా" అని అడిగి ఊరుకుంటే లాభం లేదు, "ఏ దారిలో అమ్ముతారు, పరీక్ష కావాలంటే ఏం చేస్తారు" అని అడగాలి.

ఇవన్నీ చూశాక మెయిల్ రాశాను. మొదటి జవాబు త్వరగానే వచ్చింది, చాలా ప్రేమగా వచ్చింది. జంతువులంటే తమకు ప్రాణమట, తుది ఉత్పత్తుల్ని తాము జంతువులపై పరీక్షించరట, చట్టం కోరిన చోట తప్ప. ఇలాంటి జవాబులు చదవడం ఒక విద్య. ఈ ఒక్క వాక్యంలో మూడు తలుపులు తెరిచే ఉన్నాయి. 'తుది ఉత్పత్తి' అంటే పదార్థాల గురించి చెప్పలేదు. 'తాము' అంటే సప్లయర్ల గురించి చెప్పలేదు. 'చట్టం కోరిన చోట తప్ప' అంటే కోరితే చేయిస్తామనే. అబద్ధం ఒక్కటీ లేదు, సమాధానమూ లేదు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు!

రెండోసారి తప్పించుకునే వీలు లేకుండా అడిగాను. మీ పదార్థాలు మీకు అమ్మేవాళ్లు గానీ వాళ్ల తరఫున ఇంకెవరైనా గానీ జంతువుల మీద పరీక్షిస్తారా, లేదని రాతపూర్వకంగా ఎప్పుడు తీసుకున్నారు, ఏ తేదీ నుంచి వర్తిస్తుంది, ఏ దేశమైనా పరీక్ష తప్పనిసరి అంటే అక్కడ అమ్మకం మానేస్తారా ఒప్పుకుంటారా, సీసాలో రంగు మీరే తయారుచేస్తారా వేరేవాళ్ల దగ్గర చేయిస్తారా, ఫలానా షేడ్‌లో కార్మైన్ గ్వానిన్ లక్క ఉన్నాయా, మెరుపు కోసం వాడే అభ్రకం ఎక్కడిది. ఇంచుమించు ఇవే. కోపంగా కాదు, మర్యాదగానే రాశాను, మెయిల్ చదివేది కస్టమర్ కేర్‌లో ఉద్యోగం చేసుకునే మనిషి, పాలసీ రాసినవాడు కాదు. చివర్లో, మీకు తెలియకపోతే తెలిసినవాళ్లకి పంపండి అని ఒక ముక్క కలిపాను, పని జరిగింది ఆ ముక్కవల్లే అని నా నమ్మకం.

ఈసారి జవాబు ఆలస్యంగా వచ్చింది, కానీ రాసింది వేరే మనిషి, చిలక పలుకులు లేవు. రంగు తాము తయారుచేయరని, నైట్రోసెల్యులోజ్ మండే సరుకు కాబట్టి దాన్ని నిర్వహించగలిగే తయారీదారుడి దగ్గర బేస్ కొని రంగులు కలిపిస్తామని రాశారు. ఇది నాకు కొత్త. నెయిల్ పాలిష్ తయారీ ఎవరంటే వాళ్లు పెట్టుకోగల ఫ్యాక్టరీ కాదు, అందుకే ఎన్నో బ్రాండ్ల సీసాల్లో ఉన్నది వేరేవాళ్లు చేసి ఇచ్చిన సరుకే. చాలా బ్రాండ్లకి తమ సీసాలోని రంగు పుట్టుపూర్వోత్తరాలు నిజంగానే పూర్తిగా తెలియవు. తయారీదారుడి నుంచి తీసుకున్న హామీ పత్రం కాపీ జత చేశారు, తేదీ ఉంది, పదార్థాల సప్లయర్లకూ వర్తిస్తుందని రాసి ఉంది. అయితే ఒక్కసారి తీసుకున్నదే, ఏటా కొత్తగా తీసుకోవడం లేదని వాళ్లే ఒప్పుకున్నారు. పరీక్ష తప్పనిసరి చేసే దేశంలో అమ్మం అని కూడా సూటిగా రాశారు. కార్మైన్ ఉన్న షేడ్ల పేర్లు ఇచ్చారు, నా నీలంలో లేదు. స్టియరాల్కోనియం సంగతి తయారీదారుణ్ని అడిగి మొక్కలదే అని చెప్పారు.

అభ్రకం దగ్గర మాత్రం ఆగిపోయారు. ఈ ప్రశ్న నాకు అన్నిటికంటే ముఖ్యం, నిజం చెప్పాలంటే కుందేలు కంటే కూడా. మెరిసే షేడ్లలో ఉండే అభ్రకం, అంటే మైకా, సీఐ 77019, చాలా వరకు జార్ఖండ్, బిహార్ గనుల నుంచి వస్తుంది. అక్కడ అనుమతి లేని గుంతల్లో పిల్లలు పనిచేయడం, గుంతలు కూలి చనిపోవడం గురించి 2016లో రాయిటర్స్ వాళ్ల ఫౌండేషన్ పరిశోధించి బయటపెట్టింది. ఆ తర్వాత 2017లో కంపెనీలు కొన్ని కలిసి రెస్పాన్సిబుల్ మైకా ఇనీషియేటివ్ అని పెట్టుకున్నాయి. జంతువుకి హాని లేదని కుందేలు బొమ్మ వేసుకుని, లోపల మెరుపు ఒక పిల్లాడు గోతిలోంచి ఏరి తెచ్చినదైతే ఆ సీసాని నేనేమని పిలవాలి? ల్యాబులో చేసే కృత్రిమ అభ్రకం ఉంది, జాబితాలో సింథటిక్ ఫ్లోర్‌ఫ్లోగోపైట్ అని కనిపిస్తుంది, అది ఉన్న షేడ్ అయితే ఈ దిగులు లేదు. ఈ బ్రాండ్ కొన్ని షేడ్లలో అదే వాడుతోంది, మిగతావాటిలో మామూలు అభ్రకం, ఏ గని నుంచి అన్నది తమ సప్లయర్ చెప్పలేదని రాశారు. అడుగుతామన్నారు. ఇప్పటిదాకా చెప్పలేదు.

ఇంకో విషయం కూడా ఉంది, సీసా మీద పెద్దక్షరాల్లో '10 ఫ్రీ' అని ఉంటుంది. చెల్లి కూడా అది ఎథికల్‌కి గుర్తు అనుకుంది. అది టొలీన్, ఫార్మాల్డిహైడ్, డైబ్యూటైల్ థాలేట్ లాంటి హానికర రసాయనాలు లేవని చెప్పుకునే మాట, జంతువులకు సంబంధం లేదు. అంకెలకు ఒక లెక్కంటూ లేదు, ఒకరి 10లో ఉన్నవి ఇంకొకరి 10లో ఉండవు. 2012లో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం పరీక్షిస్తే టొలీన్ లేదని రాసుకున్న 12 పాలిష్‌లలో 10 వాటిలో టొలీన్ దొరికింది. ఇక చేదు నిజం ఏంటంటే, కొన్ని రసాయనాలు హానికరమని మనకు తెలిసిందే జంతు పరీక్షలవల్ల. జెల్ పాలిష్‌లలో వాడే టీపీఓ అనే రసాయనాన్ని యూరప్ 2025 సెప్టెంబర్ నుంచి నిషేధించింది, దానికి ఆధారం జంతువుల మీద చేసిన అధ్యయనాలే. దీనికి నా దగ్గర జవాబు లేదు.

మాతృసంస్థ సంగతి దగ్గర మా ఇద్దరికీ కుదరలేదు. ఈ బ్రాండ్ సొంతంగానే నడుస్తోంది కాబట్టి బతికిపోయాం, కానీ చెల్లి మనసుపడ్డ ఇంకో బ్రాండ్ క్రూయెల్టీ ఫ్రీ కాని ఒక పెద్ద కంపెనీ కింద ఉంది. ఇది పాత వాదనే, బాడీ షాప్ అనే బ్రాండ్ 2006 నుంచి 2017 వరకు పెద్ద కాస్మెటిక్స్ కంపెనీ లోరియల్ చేతిలో ఉన్నప్పుడు కూడా దాని క్రూయెల్టీ ఫ్రీ గుర్తింపు దానికి ఉంది, అయినా కొనడం మానేసినవాళ్లు మానేశారు. డబ్బు చివరికి పైవాళ్లకే పోతుంది కదా అంటుంది చెల్లి. పెద్ద కంపెనీ లెక్కల పుస్తకంలో క్రూయెల్టీ ఫ్రీ సరుకే ఎక్కువ అమ్ముడవుతోందని కనిపిస్తే దారి మార్చుకుంటారు కదా అంటాను నేను. తను వాడట్లేదు, నేను వాడుతున్నాను.

చివరికి నా నీలం బ్రాండ్ విషయంలో తేల్చుకున్నది ఇది: మెరుపు లేని మామూలు షేడ్లు, కార్మైన్ లేనివి, ఇద్దరం వాడుతున్నాం. సింథటిక్ అని స్పష్టంగా రాసిన మెరుపు షేడ్లు కూడా ఓకే. మామూలు అభ్రకం ఉన్నవి, అది ఎక్కడిదో చెప్పేదాకా కొనను. ఏడాదికోసారి మళ్లీ మెయిల్ పెడతాను, ఎందుకంటే బ్రాండ్లు చేతులు మారతాయి, తయారీదారులు మారతారు, సీసా మీది బొమ్మ మాత్రం అలాగే ఉంటుంది. డబ్బాలో ఉన్న పాత మెరుపు సీసాల్ని పారేయమని చెల్లి అంది కానీ పారేయలేదు, ఇప్పుడు పారేస్తే ఎవరికీ ఒరిగేది లేదు, పైగా అది మండే సరుకు, చెత్తలోనూ సింకులోనూ పోయకూడదు. అయిపోయేదాకా వాడేస్తాను.